పాఠశాలలలో పత్రికావిద్య

ఎనుమాముల మార్కెట్టునకు మిరపపంట వచ్చు దినములలో మరునాటి పత్రికలయందు పెద్ద యక్షరములతో నొక ధర కానవచ్చును. అది జెండాపాట ధర. ఆనాడు వచ్చిన సరకులో మేలైన కొన్ని బస్తాలకు పలికిన అత్యధిక ధర యన్నమాట. కాశిబుగ్గ మీదుగా బస్తాలు తోలుకొని వచ్చిన రైతులలో ననేకులకు ఆ ధర దక్కదు. తేమ యున్నదనియు, తాలు కలిసినదనియు, రంగు వెలసినదనియు వంకలు పెట్టి బేరము తగ్గించెదరు. తుదకు రైతు చేతికి వచ్చిన తక్‌పట్టీలో వేరొక యంకె యుండును. పత్రిక యసత్యము వ్రాయలేదు. చదివినవానికి మాత్రము సత్యము చేరలేదు.

ఆ రెండంకెల నడుమనున్న యంతర మెంతయో పదునాలుగేండ్ల బాలుడు కనుగొనగలడా? కనుగొనగలడనియే మా నమ్మకము. ఉపాధ్యాయుని వెంట నొక యుదయము యార్డులో తిరిగినచో చాలును. రైతు నడుగును, కాంటా వేయు దడ్వాయి నడుగును, అడ్తిదారు నడుగును, హమాలీ నడుగును. మార్కెట్టు కార్యాలయమువారి పట్టికను చూచును. వీరి మాటలు పొసగనిచోట ఏల పొసగలేదని మరల పోయి యడుగును. చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు విడదీసి వ్రాయును. ఈ పనికే పత్రికారచన యని పేరు. దీనిని మన యున్నత పాఠశాలలలో నేర్పవలెనని మేము కోరుచున్నాము.

పత్రికావిద్య యన్నంతనే తలిదండ్రులు బెదరుదురు. ఇంజనీరు కావలసిన కుమారుని విలేఖరిని చేయుదురా యని ప్రశ్నింతురు. అయ్యా, లెక్కలు నేర్చినవారందఱు గణితశాస్త్రవేత్త లగుచున్నారా? అంగడిలో మోసపోకుండుటకు కూడికయు తీసివేతయు నెట్టివో, వార్తలచే మోసపోకుండుటకు వార్త కట్టు విధము తెలియుట యట్టిది.

ఓరుగల్లు సీమకిది క్రొత్త విద్యయు గాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జర్నలిజము శాఖ యేర్పడినది 1954లో. అంతకు ముప్పది రెండేండ్లకు ముందే, 1922లో, ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఇనుగుర్తి యను పల్లెలో ముద్రణాలయము నెలకొల్పుకొని ‘తెనుగు’ వారపత్రికను వెలువరించిరి. బడులలో తెలుగునకు చోటు మిక్కిలి తక్కువగా నుండిన నిజాము దినములవి. ఆ పిమ్మట నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను మాట యొకటి పుట్టగా, సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో నాలుగు వాక్యములు వ్రాసి యూరకుండలేదు. ఊరూరికిని జాబులు వ్రాసి, వివరములు రప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’యందు 354గురు కవులను లోకము ముందు నిలిపిరి. వాదమునకు బదులు లెక్క తెచ్చి చూపిరి. బాలురకు చూపదగిన పాఠ మింతకంటె నేమున్నది?

ఈ పనికి వెల యెంతయో తెలిపిన వాడును మన వైపువాడే. మానుకోట ప్రాంతమున జన్మించిన షోయబుల్లాఖాన్ తన ‘ఇమ్రోజ్’ పత్రికలో రజాకార్ల దురంతములను ఖండించినందుకు, హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసినందుకు, 1948 ఆగష్టులో హత్యకు గురియయ్యెను. చంపినవారు అతని చేతిని సయితము నరికిరి. వ్రాత యనగా నేమో వారికి బాగుగనే తెలియును.

ఇప్పుడు ప్రతి యింటను ప్రతి చేతిలోను ఒక పత్రిక యున్నది. దానికి సంపాదకుడు మాత్రము లేడు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని సెల్‌ఫోనులలో పుకారు వ్యాపించెను. ఆ యేడు జూలైలో హైదరాబాదునుండి బీదరు జిల్లాకు వెళ్ళిన మిత్రులు కొందఱు దారిలో బడిపిల్లలకు చాకలెట్లు ఇచ్చిరి. ఆ మాత్రమునకే వారు దొంగలను సందేశ మూరూరికిని ప్రాకెను. ముర్కి గ్రామమున జనము వారి కారు నడ్డగించి కొట్టగా నొక యువకుడు ప్రాణములు గోల్పోయెను. ఆ సందేశములను పంపినవారు నిరక్షరాస్యులా? చదువను వ్రాయను నేర్చినవారే గదా! దీని నెవరు చూచిరి, ఎప్పుడు చూచిరి, చూచినవానితో నేను మాటలాడితినా యను మూడు ప్రశ్నలు వారికెవ్వరును నేర్పలేదు. అందొక్కడు వ్రేలు నొక్కుటకు ముందు ఆ ప్రశ్న వేసికొనియుండినను, సందేశ మచ్చటనే యాగియుండును.

మన విద్యాశాఖవారికి ఈ సంగతి బొత్తిగా తట్టలేదనుట న్యాయము కాదు. రాష్ట్ర మేర్పడిన తరువాత పదవ తరగతి తెలుగు వాచకమున సంపాదకీయ మెట్టిదో తెలుపుట కొక పాఠమే చేర్చిరి. కరపత్రము వ్రాయుడు, వార్త వ్రాయుడు అని పరీక్షలలో నడుగుటయు కలదు. ఆశయము మంచిది. కాని జరుగుచున్న దేమి? వార్తయు కరపత్రమును గైడులో నచ్చై దొరకుచున్నవి. విద్యార్థి తాను చూడని సభను, వినని యుపన్యాసమును వల్లించి వ్రాసి మార్కులు పొందుచున్నాడు. చూడనిదానిని చూచినట్లు వ్రాయుటకు మార్కు లిచ్చు పరీక్ష పుకార్లకు శిక్షణము గాక మరేమి?

ఇక ప్రధానోపాధ్యాయుల భయ మొకటి కలదు. పిల్లలకు ప్రశ్నించుట నేర్పిన, మొదట మమ్ములనే ప్రశ్నింతురు గదా యందురు. నిజమే. మధ్యాహ్న భోజనములోని పప్పు నీరై యున్నదేమనియు, బాలికల మరుగుదొడ్డికి నీరు రాదేమనియు వ్రాయుదురు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమందలి పిట్స్‌బర్గ్ యున్నత పాఠశాల విద్యార్థులు 2017లో తమ బడికి క్రొత్తగా నియమింపబడిన ప్రధానాచార్యుల పట్టాలను పరిశీలించి, అవి నమ్మదగినవిగా లేవని తమ బడిపత్రికలో సాక్ష్యములతో ప్రకటించిరి. చేరకముందే యా ప్రధానాచార్యులు పదవి విడనాడిరి. అచ్చటి సుప్రీముకోర్టు 1988లో బడిపత్రికలపై పాఠశాలలకు విశేషాధికార మిచ్చెను. కాన్సాస్‌వారు 1992లో విద్యార్థి సంపాదకులను కాపాడు చట్టము చేసికొనిరి. ఆ చట్టము నీడలోనే యా బాలబాలికలు వ్రాయగలిగిరి. మన యొద్ద అట్టి చట్టము లేదు గనుక, వ్రాసిన పిల్లవానిని దండింపనని ప్రధానోపాధ్యాయుడు ముందుగనే నలుగురియెదుట మాట యియ్యవలెను. అది లేనిచో బడిపత్రిక స్వాతంత్ర్యదినోత్సవ ఛాయాచిత్రములతో, అతిథుల పొగడ్తలతో నిండిపోవును. అట్టివి మనమిదివరకే చాల చూచియున్నాము.

ఖర్చు మాట యెత్తువారికి మా యుత్తరము చిన్నది. అచ్చుయంత్ర మక్కరలేదు. గోడకంటించిన నాలుగు తావుల కాగితములు చాలును. తెలుగు గంటలలో వారమునకొకటి యిందుకు విడువవలెను. వరంగల్లు పత్రికలలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు నెలకొకసారి వచ్చి పిల్లల ప్రతులు దిద్దుటకు వెనుదీయరని యాశించుచున్నాము. ప్రతి వార్త క్రిందను ఎవరి నడిగితిమో వ్రాయవలెను. తప్పు పడినచో అదే గోడపై, అదే చోట దిద్దవలెను. ఇరుగుపొరుగు ఇండ్లలోని కలహములును, కన్నీళ్లును వార్తలు కావని మొదటి దినముననే చెప్పవలెను.

కాశిబుగ్గ బాలురకు మొదటి ప్రశ్న కొఱకు వెదకబనిలేదు. 2020 ఆగష్టులోను, 2023 జూలైలోను కురిసిన వానలకు వరంగల్లు కాలనీ లనేకము నీట మునిగినవి. తమ వాడలో నీరెంతవరకు వచ్చినది? ఆ నీరు పోవలసిన కాలువ యెక్కడ నున్నది, దానిపై నిప్పు డేమి కట్టబడియున్నది? కొంత సమాధానము ముసలివారి నోట నున్నది. కొంత నగరపాలక సంస్థ కాగితములలో నున్నది. ఆ కాగితముల నడుగుటకు 2005నాటి సమాచారహక్కు చట్ట మున్నది. అర్జీ యెట్లు వ్రాయవలెనో తెలుగు ఉపాధ్యాయుడు నేర్పవచ్చును. వచ్చు వర్షకాలమునకు ముందే యా మొదటి సంచిక బడిగోడ కెక్కవలెనని మా కోరిక.