బొచ్చె, రవ్వ కలిస్తే

ఆర్మూర్ పసుపు రైతుకు ఒక బెంగ లేదు. పక్క చేలో ఎవరు ఏ రకం వేసినా తన రకం చెడదు. పసుపును గింజతో కాదు, కొమ్ముతో వేస్తారు. తల్లి ఎలాంటిదో పిల్లా అలాంటిదే. దగ్గర్లో గోదావరి మీదున్న శ్రీరాంసాగర్ జలాశయం చేపల సంగతి వేరు. వాటి గుడ్లు, వీర్యం నీళ్లలోనే కలుస్తాయి. ఆ కలయిక ఇప్పుడు చాలావరకు హేచరీ తొట్లలో జరుగుతోంది.

1957లో ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలీకున్హి ఇంజక్షన్ ఇచ్చి చేపలతో గుడ్లు పెట్టించారు. మన చేపల పెంపకం నిలబడింది దాని మీదే. అయితే బొచ్చె, రవ్వ అనే రెండు జాతుల చేపలను ఒకే తొట్టిలో వదిలితే సంకరం పుడుతుంది. తల చిన్నది, ఒళ్లు వెడల్పు, కండ ఎక్కువ. గొడ్డు చేప కాదు, మళ్లీ గుడ్లు పెడుతుంది.

సంకరం చెడ్డదని నేననను. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సుమారు 15,000 ఏళ్ల కిందట ఎండి మళ్లీ నిండింది. ఆ తర్వాత అక్కడ తిలాపియా చుట్టాలైన సిక్లిడ్ చేపలు దాదాపు 500 జాతులుగా విడిపోయాయి! కాంగో, నైలు వైపుల నుంచి వచ్చిన రెండు వంశాలు అంతకు చాలా ముందే, లక్షన్నర ఏళ్ల కిందట కలిశాయని 2017లో జోవానా మైయర్, ఓలె సీహౌసెన్ బృందం తేల్చింది. కంటిచూపు జన్యువునే చూడండి. ఒక వంశం నుంచి వచ్చిన రూపం లోతుల్లోని ఎర్రని వెలుగుకు, రెండో వంశానిది పైనీళ్ల నీలి వెలుగుకు పనికొచ్చింది. కొత్త జన్యుమార్పు కోసం వేల తరాలు ఆగాల్సిన పని లేకపోయింది. ఎదురుగా ఖాళీ సరస్సు కూడా ఉంది.

అయితే అదే సరస్సులో నీళ్లు మురికిపట్టి, మగచేప రంగు ఆడచేపకు కనబడక, జాతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయని సీహౌసెన్ 1997లోనే చూపించారు.

గోదావరి ఖాళీ సరస్సు కాదు. బొచ్చె పైనీళ్లలో, రవ్వ నడిమి నీళ్లలో, మ్రిగాల అడుగున మేస్తాయి. సంకరం నోరు అటు బొచ్చెదీ కాదు, ఇటు రవ్వదీ కాదు. ఏటా పట్టి అమ్మేసే మూసిన కుంటలో దానితో నష్టం లేదు. నదిలోకి చేరి అసలు జాతులతో తరతరాలుగా కలుస్తూపోతే, రేపు హేచరీకి మేలైన తల్లిచేప కావాలన్నా నదిలో దొరకదు.

తెలంగాణ ప్రభుత్వం 2016-17లో చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. పిల్లల సైజు, లెక్క చూసుకుంటే సరిపోదు. తల్లిచేపలకు జన్యుపరీక్ష జరగాలి, బొచ్చెకూ రవ్వకూ వేర్వేరు తొట్లుండాలి. జలాశయానికే కాదు, అలుగు పారే ప్రతి చెరువుకూ ఇదే నియమం పెట్టాలి. వచ్చే వానాకాలానికి ముందే అది చేపపిల్లల టెండర్ కాగితంలోకి ఎక్కాలి.