పాత వ్యాను కొనునప్పుడు ఏ ఇంజను కోరవలెను?

సంతలో ఎద్దును కొనువాడు పళ్ళు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. ఇంత చేసి కూడ, "ఈ ఎద్దు నా చేనికి తగినదా, బండికి తగినదా?" అని మరల ఒకమారు యోచించును. ఎద్దు విషయములో ఇంత జాగ్రత్త ఎరిగిన మనము, లక్షలు పోసి పాత వ్యాను కొనునప్పుడు మాత్రము రంగు చూచి, టైర్లు తన్ని, "డీజిలేనా?" అని ఒక్క మాట అడిగి బయానా ఇచ్చి వచ్చుచున్నాము. ఈ పద్ధతి మానవలెనని నేత సోదరులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

మనకు బండి ఎందుకు? శిడ్లఘట్టలో పట్టు తెచ్చుకొనుటకు, మగ్గముల వారికి పడుగు, పేక అందించుటకు, నేసిన చీరలు బెంగుళూరు చిక్కపేటకు గాని, ఇటు హిందూపురము, ధర్మవరము వైపునకు గాని తీసికొని పోవుటకు. స్వంత బండి లేనివాడు షావుకారు బండి వచ్చిననాడే సరకు ఇయ్యవలెను, ఆయన చెప్పిన ధరకే ఇయ్యవలెను. బండి ఉన్నవాడు నాలుగు అంగళ్ళు తిరిగి బేరము చేయగలడు. కాని బండి కొని, అది షెడ్డులో పడి, రిపేరుకు మరల ఆ షావుకారు వద్దనే అప్పు చేసినచో, బండి లేనినాటికంటె అధ్వాన్నమగును. అందుచేత ఇంజను ఎంపిక మెకానిక్కుకు విడిచిపెట్టవలసిన చిన్న సంగతి కాదు. అది మన మగ్గము సంగతియే.

మా అనుభవము ఒకటి చెప్పెదను. మేము నాలుగిండ్లవారము కలిసి 2020 తరువాతి డీజిలు బండి ఒకటి పాతది కొన్నాము. "డీజిలయితే దండిగా మిగులును" అన్నారు, నమ్మినాము. మా తిరుగుడంతయు ఊరిలో మగ్గముల మధ్య, పక్క ఊరికి, మరల ఇంటికి. ఇంజను వేడెక్కునంతలో ఆపుట, మరల తీయుట. కొన్ని నెలలకే ముందర పసుపు దీపము వెలిగినది. తరువాత బండి ఎక్కుడు దారిలో ఆయాసపడసాగినది. పొగగొట్టములోని మసి జల్లెడ పూడిపోయినదని మిస్త్రీ తేల్చినాడు. డీజిలులో మిగిలినది అక్కడ ఖర్చయినది, పైన మరికొంత అయినది. అమ్మినవారిని తిట్టుకొన్నాము గాని, నిదానించి చూడగా తప్పు ఇంజనుది కాదు. మా పనికి తగని ఇంజను తెచ్చుకొనుట మా తప్పు.

ఆ జల్లెడ సంగతి అందరును తెలిసికొనవలసినది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట బి.ఎస్.6 నిబంధన వచ్చినది. అప్పటి నుండి అమ్మిన డీజిలు బండ్లలో సాధారణముగా మసిని పట్టి ఉంచు జల్లెడ ఒకటి ఉండును. బండి నిలకడగా, వేగముగా కొంతసేపు నడచినప్పుడు ఆ వేడికి మసి కాలిపోయి జల్లెడ శుభ్రపడును. చిన్న చిన్న తిరుగుళ్ళలో ఆ వేడి పుట్టదు, మసి పేరుకొనును. బాగేపల్లి నుండి బెంగుళూరునకు 44వ జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు. దినదినము ఆ దారి పట్టువానికి ఈ బాధ లేదు. ఊరి సందులలో తిరుగువానికే ఉన్నది.

ఇక బరువు సంగతి. పట్టుచీర అరకిలో, ముప్పాతిక కిలో ఉండును. జరీ హెచ్చయినచో కిలో అనుకొందము. నూరు చీరలకు నూరు కిలోలు. దానిపై పట్టు చిలపలు, కండెలు, ఇద్దరు మనుషులు. ఇంతే మన భారము. 2005లో వచ్చిన టాటా ఏస్, అనగా మనవారు ఛోటా హాథీ అనునది, 702 సి.సి.ల రెండు సిలిండర్ల డీజిలు ఇంజనుతో ముప్పాతిక టన్ను మోయుటకు పుట్టినది. పవర్లూము బీములు, ఇనుప సామాను, బాడుగ సరకు మోయువారికి అట్టిది గాని, అంతకు పెద్దది గాని తగును. చీరల మూటలు మాత్రమే మోయువానికి 796 సి.సి.ల పాత ఓమ్ని గాని, 1196 సి.సి.ల ఈకో గాని, 2020లో వచ్చిన ఏస్ పెట్రోలు బండి గాని చాలును. ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయినది గనుక కొనుటకు ముందు విడిభాగములు మీ ఊరి అంగడిలో దొరకునా అని విచారింపవలెను. ఓమ్ని, ఈకోలలో ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉండును. పట్టు మూట ఆ వేడికి తగులకుండ వెనుకకు పెట్టవలెను.

డీజిలు లాభమును కూడ లెక్కవేసియే నమ్మవలెను. లెక్క సులువగుటకు పెట్రోలు లీటరు 100 రూపాయలు, డీజిలు 90 రూపాయలు అనుకొందము. పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిలు బండి 20 కిలోమీటర్లు నడచుననుకొందము. దినమునకు 30 కిలోమీటర్లు, నెలకు 25 దినములు తిరిగినచో 750 కిలోమీటర్లు. పెట్రోలుకు 5,000 రూపాయలు, డీజిలుకు 3,375. మిగులు 1,625 రూపాయలు. అదే దినమునకు 120 కిలోమీటర్లయినచో మిగులు 6,500. మొదటివానికి ఏడాదికి మిగులునది 19,500 రూపాయలు. ఇంజెక్టర్లో, పంపో, మసి జల్లెడో ఒకసారి చెడినచో అది హరించిపోవును. రెండవవానికి ఏడాదికి 78,000. వాడు డీజిలు కొనుట న్యాయమే. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్క మీరే చేసికొనవలెను.

కొందరు సి.ఎన్.జి. చవుక అందురు, నిజమే. అయితే ఆ గ్యాసు పోయు బంకు మన దారిలో ఉన్నదా? సిలిండరుకు మూడేండ్లకొకమారు చేయవలసిన పరీక్ష జరిగినదా? తరువాత అమర్చినదయినచో ఆర్.సి.లో ఎక్కించినారా? ఈ మూడింటికి జవాబు దొరకినచో కొనవచ్చును.

ఏ ఇంజనైనను తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడవలెను. మీరు పోవునప్పటికే వేడిగా ఉన్నచో మరునాడు వచ్చెదమని చెప్పవలెను. వేడి ఇంజను తన రోగము దాచును. నీలి పొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నది. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడ ఆగనిచో లోపలికి నీరు దిగుచున్నదేమో చూపించవలెను. డీజిలు బండి విడువక నల్లపొగ కక్కినచో ఇంజెక్టర్లను అనుమానింపవలెను. ఇంజను నడచుచుండగా ఆయిలు మూత తీసినప్పుడు పొగ ఉబికి వచ్చినచో బోరు అరిగినదన్నమాట. ఆయిలు పాలవలె తెల్లబడి ఉన్నచో మాటలాడక తిరిగి రావలెను. తాళము త్రిప్పగానే హెచ్చరిక దీపములు వెలిగి, స్టార్టయిన పిదప ఆరవలెను. అసలు వెలుగనిచో ఎవరో తీగ పీకినారని అర్థము. మసి జల్లెడయే పీకివేసిన బండిని చవుకగా ఇచ్చినను పుచ్చుకొనరాదు. అది చట్టవిరుద్ధము. ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఇంజను మీది నంబరు ఒక్కటి కావలెను. అప్పు తీరినట్లు ఫైనాన్సువారి కాగితము ఉండవలెను. ఆంధ్రలో రిజిస్టరయిన బండి అయినచో అక్కడి నిరభ్యంతర పత్రము ముందుగా చేతికి రావలెను.

నా మనవి ఇది. కొనవలెననుకొన్న కుటుంబము మొదట ఒక నెల నోటుపుస్తకము వ్రాయవలెను: ఏనాడు ఎంత దూరము, ఎంత బరువు. ఆ పుస్తకము చెప్పిన ఇంజనే మన ఇంజను, అమ్మువాడు చెప్పినది కాదు. పిదప నమ్మకమైన మిస్త్రీని దినకూలి ఇచ్చియైనను వెంట తీసికొని పోవలెను. పడుగు పోయకముందే పోగులు లెక్కించువారము మనము. తప్పిన పోగు నేత సాగిన తరువాత చీర పొడుగునను కనబడునని మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. బండి బేరములో కూడ ఆ లెక్క ముందే చూచుకొందము.