టీము తీసేసిన కాలేజీ

విరుదునగర్ పక్క ఒక కాలేజీ. పేరు రాయను. రాస్తే నాకేమి కాదు, అక్కడ చదివే పిలకాయలకి తొందర. ఆ కాలేజీలో ఈ ఏడు నుంచి ఫుట్‌బాల్ టీము లేదని నోటీసు పలకలో అంటించేసినారు. మా వీధిలో కోన్ వైండింగులో పనిచేసే ఒక చెల్లెలి కొడుకు అక్కడ బీకాం రెండో ఏడు. గోల్ కాపలా ఆడతాడు. స్కూల్లో బాగా ఆడినాడని ఫీజు కొంచెం తగ్గించి చేర్చుకొనిరి. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా దినమూ బస్సులో పోయి వస్తాడు. డ్రిల్లు మాస్టరు రిటైరైపోయినాడంట, వేరే మాస్టరును వెయ్యలేదంట, గ్రౌండులో కొత్త కట్టడం కడతారంట. ఇవీ వాండ్లు చెప్పిన కారణాలు.

ఆ చెల్లెలు నన్ను అడిగింది: "అన్నా, బంతి పోతే పోనీ, చదువు ఉండాది కదా? వాడెందుకు రెండు దినాలు అన్నం తినలేదు?"

మంచి ప్రశ్నే. నాకు వెంటనే జవాబు రాలేదు. ఈ నెల నా పక్క నిండా దాని గురించే రాస్తాను. పెన్షన్ సంగతులు వచ్చే నెల.

మొదట ఒకటి చెప్పాలి. టీము తీసెయ్యడం మన పక్కనే జరిగే పని కాదు. అమెరికాలో పెద్ద పెద్ద యూనివర్సిటీలే చేసినాయి. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుడ్డు మాదిరి ఉంటుంది, చేత్తో పట్టుకొని పరిగెత్తుతారు, తలకి ఇనపటోపీ మాదిరి ఒకటి, భుజాలకి మెత్తలు. ఒక్కొక్కనికి వేసే సరంజామా ఖర్చుకి మన దగ్గర ఒక టీమునే నడపవచ్చు. అందుకే అక్కడ దుడ్డు లెక్క పెద్దది.

చికాగో యూనివర్సిటీ 1892 నుంచి ఆ ఆట ఆడింది. స్టాగ్ అని ఒక కోచ్, నలభై ఏండ్లకి పైగా ఆ ఒక్క తావే ఉండి ఆడించినాడు. మన మిల్లులో కూడా అన్ని ఏండ్లు ఒకే డిపార్టుమెంటులో ఉన్న మేస్త్రీని నేను చూడలేదు. ఆ తర్వాత టీము పడిపోయింది. 1939లో మిషిగన్ వాండ్ల మీద 85-0 ఓడిపోయినారు. ఆ ఏడు డిసెంబరులోనే అధ్యక్షుడు హచిన్స్ టీమును తీసేసినాడు. యూనివర్సిటీ ఉండేది చదువుకి, లక్షమందికి తమాషా చూపించేదానికి కాదు అని ఆయన వాదన. తర్వాత ఏమైందంటే, ఆటలేని ఆ స్టేడియం మెట్ల కింద 1942 డిసెంబరు 2న తనంతట తానే సాగే మొట్టమొదటి అణు గొలుసు చర్య నడిపించినారు. ఆట తీసేసిన తావు నుంచి అణుబాంబుకి దోవ దొరికింది. ఆటే ఉండుంటే బాగుండేది అని నాకు అనిపిస్తుంది, నవ్వుకోండి. 1969లో మళ్ళీ ఫుట్‌బాల్ పెట్టినారు. ఈసారి చిన్నగా, దుడ్డు ఆశ లేకండా.

హచిన్స్ అన్నదాంట్లో న్యాయం లేదని నేను చెప్పను. చదువు పెట్టే తావులో చదువే ముందు. అయితే ఆయన తీసేసింది కలిగినోళ్ళ పిలకాయల ఆట. వాండ్లకి ఇంకా పది తలుపులు తెరిచే ఉండినాయి.

ఇంకొకటి మనకి దగ్గరగా తోచేది. అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ ఊరు, ఇనుము ఉక్కు మిల్లులతో పెరిగిన ఊరు. అక్కడి యూనివర్సిటీ 2014 డిసెంబరు 2న ఫుట్‌బాల్ టీమును రద్దు చేసింది. దాంతోపాటు తుపాకీ గురి పోటీ టీమునీ, బౌలింగ్ టీమునీ కూడా. అధ్యక్షుడు రే వాట్స్ చెప్పిన కారణం ఖర్చు. నాకు ఆశ్చర్యం ఏందంటే, ఆ ఏడు టీము బాగా ఆడింది. ఆరు గెలుపు, ఆరు ఓటమి, పదేండ్లలో అంత మంచి ఏడు వాండ్లకి రాలేదు. గెలిచినప్పుడే తీసేసినారు. రద్దు మాట విన్న దినం ఆటగాండ్లు ఏడ్చినారు.

అక్కడ ఊరు ఊరకే ఉండలేదు. పిలకాయలు వీధికి వచ్చిరి, పాత ఆటగాండ్లు వచ్చిరి, అంగళ్ళవాళ్ళు, కంపెనీలవాళ్ళు, ఇంత మేమిస్తాము అంత మేమిస్తాము అని మాట ఇచ్చిరి. ఆరు నెలలు. 2015 జూన్ 1న అదే అధ్యక్షుడు టీమును మళ్ళీ తెస్తామని చెప్పినాడు. కోచ్ బిల్ క్లార్క్ పోకండా అక్కడే ఉండినాడు. 2017లో మళ్ళీ గ్రౌండు దిగినారు, 2018లో వాండ్ల విభాగంలో చాంపియన్ అయినారు. ఉత్త కేకలతో తిరిగి రాలేదు ఆ టీము. మీ లెక్క తప్పు అని చెప్పి ఊరుకోలేదు వాండ్లు, లెక్కలో తక్కువ పడిన దుడ్డును తెచ్చి ముందర పెట్టినారు.

మన దేశంలో యూనివర్సిటీలకంటే మిల్లులు, పోలీసు, రైల్వే, బ్యాంకులే ఆటను కాపాడినాయి. తెలుగోళ్ళు మరిచిపోకూడని పేరు హైదరాబాదు రహీం సాబు. ఉస్మానియాలో చదివినాడు, స్కూలు అయ్యోరుగా ఉండినాడు. హైదరాబాదు సిటీ పోలీసు టీమును ఆయన తయారు చేస్తే అది 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఇండియా నాలుగో తావు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో కొరియాని 2-1 గెలిచి ఆసియా బంగారం. మరుసటి ఏడే ఆయన పోయినాడు. 2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది, మనవడు టీవీలో పెట్టినాడు. సినిమాలో పాటలు ఎక్కువ, సరే. నేను చూసింది వేరే. ఆ పోలీసు టీములో ఆడినోళ్ళకి నెల జీతం ఉండింది. పొద్దున డ్యూటీ, సాయంత్రం ఆట. ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలిస్తేనే బీదోడు బంతి తన్నగలడు.

మిల్లు అంటే ఫగ్వాడా. పంజాబులో జేసీటీ అని నూలు, గుడ్డ మిల్లు. 1971లో టీము పెట్టినారు. దేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగు మొట్టమొదట నడిచింది 1996-97లో. ఆ మొదటి కప్పు ఎత్తింది కలకత్తా క్లబ్బు కాదు, గోవా క్లబ్బు కాదు, ఈ గుడ్డమిల్లు టీము! బైచుంగ్ భూటియా, విజయన్ అందులో ఆడినారు. తర్వాత సునీల్ ఛెత్రి కూడా కొన్ని ఏండ్లు ఆడినాడు. 2011లో టీమును మూసేసినారు. ఇంత ఖర్చుపెట్టి ఆడిస్తే చూసేవాండ్లు లేరు, పేరు రాలేదు అని యాజమాన్యం చెప్పింది. ఇప్పుడు పంజాబులో ఒక మిల్లు కార్మికుడి కొడుక్కి ఆ దోవ లేదు.

మా కాలంలో నేను పనిచేసిన మిల్లులోనూ ఒక టీము ఉండింది. రింగ్ ఫ్రేము నుంచి నలుగురు, కార్డింగు నుంచి ముగ్గురు. పగలు షిఫ్టు సంగు ఊదగానే తలలో పత్తి పీచు దులుపుకోకండానే గ్రౌండుకి పరుగు. బదిలీ పనోడిగా ఉన్న ఒకాయన బాగా ఆడతాడని పర్మనెంటు చేసినారు, ఆ ఉద్యోగంతో ముగ్గురు ఆడపిల్లల పెండ్లి చేసినాడు. గ్రౌండు తర్వాత బేళ్ళ గోడౌను అయింది. గోడౌను కూడా ఇప్పుడు ఖాళీ.

కోవిల్‌పట్టిలో ఫుట్‌బాల్ గురించి ఇంత రాస్తాడే ఈయన, ఇది హాకీ ఊరు కదా అంటారు మీరు. నిజమే. ఊర్లో పచ్చ కృత్రిమ గ్రౌండు ఉండాది, ప్రభుత్వ హాకీ హాస్టలు ఉండాది, లక్ష్మీ అమ్మాళ్ పేరుతో జరిగే అఖిల భారత పోటీకి ఎక్కడెక్కడి టీములో వస్తాయి. మన ఊరి అబ్బాయి మారీశ్వరన్ శక్తివేల్ 2022 ఆసియా కప్పులో ఇండియా చొక్కా వేసుకొని ఆడినాడు, కంచు తెచ్చినారు. ఇక్కడే నేర్చుకొన్న అరియలూరు అబ్బాయి కార్తి కూడా అదే టీములో ఉండినాడు. ఇది ఆకాశంలో నుంచి ఊడిపడలేదు. ఎవరో గ్రౌండును గ్రౌండుగానే ఉంచినారు, ఎవరో వేసవిలో కూడా పిలకాయల్ని విడవకండా ఆడించినారు. హాకీకి అట్లా పట్టుకొన్నోళ్ళు ఉండారు. ఫుట్‌బాల్‌కి మన పక్క అట్లా ఎవరూ లేరు.

ఇప్పుడు చెల్లెలి ప్రశ్నకి వస్తాను. చదువు ఉండాది, నిజం. అయితే ఆ కాలేజీ టీముతో వానికి పోయింది బంతి ఒక్కటే కాదు. ఇది బాగా చదవండి, చాలామంది తల్లిదండ్రులకి తెలియదు.

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఆటగాండ్ల కోటాలో ఉద్యోగానికి సర్టిఫికెట్లు ఫారం లెక్కన అడుగుతారు. దేశం తరఫున ఆడినోడికి ఫారం 1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడినోడికి ఫారం 2. యూనివర్సిటీ తరఫున, యూనివర్సిటీల మధ్య జరిగే పోటీలో ఆడినోడికి ఫారం 3. స్కూలు పిలకాయల జాతీయ పోటీలో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం 4. మనోళ్ళ పిలకాయలకి చెయ్యి అందేది ఎక్కువగా ఈ మూడో మెట్టే. ఆ మెట్టు ఎక్కేది ఎట్లా? ముందు కాలేజీ టీము కాలేజీల మధ్య పోటీకి పోవాల. అక్కడ బాగా ఆడినోళ్ళని యూనివర్సిటీ ఎంచుకొంటుంది. విరుదునగర్ కాలేజీలకి మదురై కామరాజు యూనివర్సిటీ, మన కోవిల్‌పట్టి కాలేజీలకి తిరునెల్వేలి మనోన్మణీయం సుందరనార్ యూనివర్సిటీ. కాలేజీ టీమే లేకుంటే ఆ పిలకాయని ఎంచుకొనేదానికి చూసేది ఎవరు? నిచ్చెనలో నడిమి కంబి విరిచేసినట్టు. వాడు అన్నం తినకపోయింది అందుకే చెల్లెలా. నీకు చెప్పేదానికి వానికి మాటలు రాలేదు.

కాలేజీ పక్క న్యాయం కూడా చూస్తాను. బూట్లు, బంతులు, బయటి ఊరికి బస్సు, పిలకాయలకి అన్నం, మాస్టరు జీతం, అన్నీ ఖర్చే. జీతాలివ్వలేని కాలేజీ మొదట దేన్ని కోస్తుంది? కోయనీ. ఆ కోత ఏడు మొదట్లో, చేరేముందే చెప్పాల. ఆట చూపించి చేర్చుకొని, రెండో ఏడులో ఆట తీసేస్తే, అంగడిలో ఒక సరుకు చూపించి ఇంకొక సరుకు పొట్లం కట్టినట్టు అవుతుంది. బర్మింగ్‌హామ్‌లో టీము తీసేసినప్పుడు కూడా పిలకాయలకి ఇచ్చిన చదువు ఖర్చు మాట తప్పమని చెప్పినారు. ఇక్కడ తగ్గించిన ఫీజు సంగతి నోటీసులో ఒక్క ముక్క లేదు.

అందుకని మేము నలుగురం కలిసి ఒక అర్జీ రాసినాము. తీసేసిన టీమును తిరిగి పెట్టమని గొడవ కాదు. ఇప్పుడు చదువుతుండే పిలకాయలు చదువు ముగించేదాకా, అంటే ఇంకొక రెండేండ్లు, కాలేజీ పేరుతో పోటీకి పోనియ్యండి. మాస్టరు లేడంటే రిటైరైన ఆటగాడు ఒకాయన కూలి లేకండా నేర్పేదానికి ఒప్పుకొన్నాడు. బస్సు ఖర్చు మేము వసూలు చేస్తాము. ఫీజు తగ్గింపు మాత్రం ముట్టకండి. నాలుగు ముక్కలు, ఒకే పక్క. తల్లిదండ్రులు పదకొండుమంది చేవ్రాలు చేసినారు, ఇద్దరు వేలిముద్ర వేసినారు.

మన లైన్లలో కాలేజీలో ఆడే పిలకాయలు ఉండే ఇండ్లకి ఒక మాట. ఆట పేరుతో ఫీజు తగ్గించినారంటే ఆ కాగితం అడిగి తీసుకోండి, నోటిమాట వద్దు. ఆడిన ప్రతి పోటీకి సర్టిఫికెట్ ఆ వారమే తీసుకోండి. మాస్టరు మారినాక చేవ్రాలు చేసేవాడు దొరకడు. ఆడపిల్లల కాగితాలు మరీ జాగ్రత్తగా పెట్టండి, పెండ్లయి ఊరు మారినాక వెతికితే దొరకవు. అర్జీ నకలు కావాల్సినోళ్ళు ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి, పిలకాయని కూడా వెంట తీసుకొని రండి. వాడు ఏ పోటీలో ఎప్పుడు ఆడినాడో వానికే తెలుస్తుంది, మనకి తెలియదు.