చిన్న ట్రాక్టరుకు కొత్త లైట్లు: పెరిగిన గంటలు ఎవరి ఖాతాలోకి?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు దిగింది. రైతాంగానికి గొప్ప మేలు చేశామని కేంద్ర ప్రభుత్వం చెప్పుకుంది. కొనేవాళ్ళకు కొంత ఊరట దక్కిన మాట కాదనలేము. పన్నుల ఉత్తర్వులో డ్రైవరు కూలి సంగతి ఉండదు, నిజమే. మరి ఏ ఉత్తర్వులో ఉన్నదని వెతికితే అక్కడా అది కాగితం దాటి చేనులోకి రావడం లేదు.

ఈ మధ్య 20, 25 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లకు అదనపు లైట్లు బిగించడం ఊరూరా మామూలైపోయింది. ముందు రెండు, వెనక రెండు, కొందరైతే పైన టాపు మీద వరుసగా పెట్టిస్తున్నారు. చూడడానికి ఇది చిన్న విషయం. కాని డ్రైవరు పనిగంటలు, కూలి, ప్రాణం మూడూ దీంతో ముడిపడి ఉన్నాయి.

రాత్రి పని ఎందుకొచ్చింది?

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువకు నీళ్ళు వదిలితే అందరికీ ఒక్కసారే దమ్ము పని పడుతుంది. నారు ముదరక ముందే ఊడ్పు కావాలి. స్వర్ణ వంటి వరి కోతకు రావడానికి సుమారు 150 రోజులు పడుతుంది. ఊడ్పు వెనకబడితే కోత తుపాన్ల రోజుల్లో పడుతుంది. శివారు భూములకు నీరు వంతు ప్రకారం వస్తుంది, ఆ వంతు రాత్రి పడితే దమ్మూ రాత్రే. మెట్టలో వాన పడిన నాలుగు రోజుల పదునులోనే దున్నుకోవాలి. ఇంతవరకు ప్రకృతి పెట్టిన తొందర.

మనుషులు పెట్టిన తొందర వేరే ఉన్నది. ట్రాక్టరు వాయిదాల మీద కొన్నది. ఏడాదిలో పని దొరికేది కొద్ది వారాలే, ఆ వారాల్లోనే వాయిదా సొమ్ము, డీజిలు ఖర్చు రాబట్టాలి. అందుకని పగలు చాలక రాత్రి కూడా తోలిస్తారు. ఒక్క ట్రాక్టరు ఉన్న చిన్న రైతు తానే తోలుకుంటూ నిద్ర చంపుకుంటున్నాడు. మూడు, నాలుగు ట్రాక్టర్లు అద్దెలకు తిప్పే ఆసామి మాత్రం ఇంట్లో పడుకుంటాడు. చేలో మేలుకునేది జీతగాడు. ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టడం పొరపాటు.

అసలు కిటుకు ఇక్కడున్నది. ట్రాక్టరు అద్దె గంట లెక్క, డ్రైవరు కూలి రోజు లెక్క. లైటు పెట్టినాక రోజు ఎక్కడ ముగుస్తుంది? పొద్దుగూకడంతో ముగియాల్సిన రోజు రాత్రి పది దాకా, ఒక్కోసారి తెల్లవార్లూ సాగుతుంది. పెరిగిన ప్రతి గంట అద్దె యజమాని జేబులోకి పోతుంది. డ్రైవరుకు వచ్చేది ఒక టీ, మహా అయితే ఒక భోజనం.

వైరింగులో జరుగుతున్న మోసం

లైట్లు వద్దని ఎవరూ అనరు. చీకట్లో తోలడం కన్నా వెలుతురులో తోలడం వెయ్యి రెట్లు మేలు. అయితే ఎట్లా బిగిస్తున్నారు? చాలా చోట్ల హెడ్‌లైటు వైరును మధ్యలో గీకి, దానికే కొత్త లైట్లు తగిలించి, టేపు చుట్టి పంపిస్తున్నారు.

లెక్క చూడండి. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. 55 వాట్ల హాలోజెన్ బల్బు ఒక్కొక్కటి నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. నాలుగు పెడితే 18 ఆంపియర్లు దాటుతుంది. హెడ్‌లైట్లు లాగేది దీనికి అదనం. హెడ్‌లైటు కోసం వేసిన సన్నని వైరు, స్విచ్చి ఇంత బరువు మొయ్యలేవు. ఫ్యూజు కాలిపోతుంది. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుడతారు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరే. పక్కనే డీజిలు గొట్టం, కింద ఎండు గడ్డి. నిప్పు అంటుకోకపోయినా, స్విచ్చి కరిగి లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోతే, కాలువ గట్టు మీద ఉన్న డ్రైవరు గతేమిటి?

ఇంకో సంగతి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటు తక్కువ. లైట్లు లాగేది ఎక్కువైతే బ్యాటరీ దిగిపోతుంది. తెల్లారి బండి స్టార్టు కాకపోతే తప్పు డ్రైవరు మీదికి నెడతారు, కూలి కూడా కోస్తారు. తప్పు అతనిది కాదు, వైరింగుది.

సరైన పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. బ్యాటరీ ప్లస్సు నుంచి కొత్త లైట్లకు వేరే వైరు తీయాలి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. వైరు ఎంత మోయగలదో అంతకన్నా తక్కువ ఆంపియర్ల ఫ్యూజే వెయ్యాలి. మధ్యలో రిలే పెట్టాలి: ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30 నంబరు కాలికి, లైట్లకు పోయేది 87కు, స్విచ్చి వైరు 86కు, ఎర్తు 85కు. అప్పుడు స్విచ్చి మీద బరువు పడదు. ఎర్తు వైరును రంగు గీకిన ఇనుము మీద బోల్టుతో బిగించాలి. రేకు కంతలోంచి వైరు పోయేచోట రబ్బరు వాషరు తప్పనిసరి, లేకుంటే దడకు వైరు తెగి షార్టు అవుతుంది. హాలోజెన్ బదులు 18 వాట్ల ఎల్ఈడీలు పెడితే నాలుగూ కలిపి 6 ఆంపియర్లే. దానికి 10 ఆంపియర్ల ఫ్యూజు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతాయి.

వెలుతురు ఎక్కడ పడాలి?

చాలామంది లైట్లన్నీ ముందుకే పెట్టిస్తారు. రాత్రిపూట ప్రమాదం ఎక్కువగా వెనక ఉంటుంది. రోటవేటరును తిప్పే పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. లుంగీ అంచో, కండువా కొసో తగిలితే మనిషి తేరుకునే వ్యవధి ఉండదు. గడ్డి చిక్కుకుంటే తీయడానికి దిగేది సాయం వచ్చిన కుర్రాడు. అతను కనబడాలంటే కనీసం ఒక లైటు షాఫ్టు మీద, రోటవేటరు మీద పడాలి. ఇంజను ఆపకుండా వెనక చెయ్యి పెట్టకూడదన్న నియమం లైటున్నా మారదు.

రెండోది, తిరగబాటు. దమ్ము చక్రాలు బురదలో దిగబడినప్పుడు వాటికి దుంగ కట్టి గేరు వేస్తారు. చక్రం కదలకపోతే ఇంజను బలమంతా ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచిన సంగతి చీకట్లో తెలిసేలోపే బండి డ్రైవరు మీద పడుతుంది. ముందు చక్రాలు కనబడేట్టు ఒక లైటు కిందికి వంచి పెట్టడం అందుకే అవసరం. లైట్లు బిగించిన టాపు ఎండకు గొడుగే గాని, బండి తిరగబడితే కాపాడే కమ్మీ కాదు. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ కమ్మీలు తప్పనిసరి చేసింది. మన చేలల్లో ఇంకా టాపు రేకును నమ్ముకుని బతుకుతున్నాం.

రోడ్డెక్కినప్పుడు ఈ లైట్లు ఆపాలి. వెనక తెల్ల లైటు వెలుగుతుంటే వచ్చేవాడికి బండి ఎదురొస్తున్నదో, ముందు పోతున్నదో అర్థం కాదు. ట్రాలీకి ఎర్ర లైట్లు, రిఫ్లెక్టరు అట్టలు ఉండాలి.

లైట్లుంటే చాలదు

2018లో ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లాలో మిరప కోతకు పోతున్న కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్ కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు కాలువలోకి దూకి 15 మంది బలయ్యారు. ఈ రెండూ పట్టపగలు జరిగినవే. వెలుతురుకు కరువు లేదు. కూలీలను సరుకు మాదిరి ట్రాలీలో ఎక్కించే పద్ధతి, గట్టు లేని కాలువ బాటలు, ఎవరికీ జవాబుదారీ లేని ప్రయాణం అక్కడ ప్రాణాలు తీశాయి. పగలే ఇట్లా ఉంటే, పద్నాలుగు గంటలు తోలి కళ్ళు మూతలు పడుతున్న డ్రైవరు ఎన్ని లైట్ల వెలుగులో తోలితే మాత్రం క్షేమం?

చట్టం ఏమంటున్నది?

1923 నాటి నష్టపరిహార చట్టం రెండవ షెడ్యూలులో ట్రాక్టర్లతో వ్యవసాయం చేసే పనివాళ్ళ పేరు స్పష్టంగా ఉండేది. 1948 కనీస వేతనాల చట్టంలోనూ వ్యవసాయం ఉండేది. కార్మిక సంఘాలు వద్దన్నా వినకుండా 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చి ఆ చట్టాలను వాటిలో కలిపేసింది. ఆ కోడ్‌లలోనే పనిలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం ఇవ్వాలని ఉన్నది. మామూలు పనిగంటలు దాటిన పనికి రెట్టింపు తక్కువ కాకుండా ఇవ్వాలని వేతనాల కోడ్ 14వ సెక్షను అంటున్నది. మన చేలల్లో ఎవరికి అందింది రెట్టింపు?

అందకపోవడానికి ఒక కారణం రుజువు లేకపోవడం. రసీదు ఉండదు, హాజరు పట్టీ ఉండదు. ప్రమాదం జరిగిన మరుక్షణం "వాడు మా మనిషే కాదు, తాగి తోలాడు" అన్న మాట పుడుతుంది. కనుక ప్రతి డ్రైవరూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలి. తారీఖు, ఎవరి చేను, ఎక్కిన టైము, దిగిన టైము, మీటరు అంకె రాసుకోవాలి. కొన్ని బండ్ల మీటరు ఇంజను వేగాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి గడియారం టైము కూడా తప్పక రాయాలి.

ఏం అడగాలి?

ఒకటి, లైట్లు, ఫ్యూజు, రిలే, వెనక లైటు ఖర్చు యజమానిదే; బ్యాటరీ దిగిందని కూలి కోయరాదు. రెండు, అద్దె ఏ గంటల లెక్కన వసూలు చేస్తారో కూలి కూడా ఆ గంటల లెక్కనే ఇవ్వాలి. ఎనిమిది గంటలు దాటితే రెట్టింపు. మూడు, రాత్రి తోలినవాడిని మర్నాడు పగలు ఎక్కించకూడదు. రాత్రి పనికి రెండో మనిషి తప్పనిసరి, అతనికీ కూలి ఉండాలి. నాలుగు, లైట్లు, రక్షణ కమ్మీలు బిగించుకునే చిన్న రైతుకు ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలి. పన్ను తగ్గించగలిగిన ప్రభుత్వానికి ఇది భారం కాదు.

ఈ మాటలు ఒక్క డ్రైవరు అడిగితే మర్నాడు వేరే డ్రైవరు వస్తాడు. ఊళ్ళో డ్రైవర్లంతా దమ్ము సీజనుకు ముందే కూర్చుని రేటు, గంటలు తేల్చుకుంటే, పైవాడికి వేరే దారి ఉండదు. నీళ్ళు కాలువలోకి వచ్చాక బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు. ఆ సమావేశం ఇప్పుడే పెట్టుకోవాలి.