వంశీ సినిమాల్లో మీ గండేరా ఏది?

అంబాజీపేటలో రెండు సంగతులు ఓ పట్టాన తేలవు. ఒకటి కొబ్బరి ధర. రెండోది... వంశీ సినిమాల్లో ఏది గొప్పదీ అన్నది!

మొదటిదానికి కనీసం ఓ మార్కెట్టుంది. కొత్త కొబ్బరి క్వింటాలు ఎంత పలికిందో, కురిడీ వెయ్యి కాయలు ఎంతకి వెళ్లాయో మర్నాడు పేపర్లో పడుతుంది. రెండోదానికి ఆ సౌకర్యం కూడా లేదు. పనసాకు బుట్టల్లో ఉడికిన వేడివేడి పొట్టిక్కల దగ్గర మొదలైన వాదన పెళ్లిపందిరి దాకా సాగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ‘సితారని మించింది లేదండీ’ అని ఒకరంటే, ‘ఆయ్... మరి అన్వేషణ ఏమైపోయిందండీ?’ అని ఇంకొకరు. మధ్యలో ఎవరైనా ‘లేడీస్ టైలర్’ పేరెత్తితే అప్పటిదాకా సీరియస్‌గా ఉన్నవాళ్లంతా నవ్వేస్తారు. పక్కన ఆడపిల్లలుంటే మాత్రం గొంతు తగ్గిస్తారు.

సినిమా పిచ్చి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి జాబితా ఒకటి ఉంటుంది. కాగితం మీద కాకపోతే నోటి మీద. ‘చచ్చేలోగా చూడాల్సిన పది’, ‘మళ్లీ మళ్లీ చూసే అయిదు’... పేరేదైనా, ఆ జాబితా దర్శకుడి గురించి చెప్పేదానికన్నా రాసినవాళ్ల గురించి చెప్పేదే ఎక్కువ.

పసలపూడి నుంచి...

కొత్తతరం కోసం కాస్త పరిచయం. కోనసీమవాళ్లు వంశీని మావాడే అంటారు గానీ, ఆయన సొంతూరు పసలపూడి గౌతమికి అవతల, రాయవరం మండలంలో ఉంది. ‘మా పసలపూడి కథలు’ రాసింది ఆయనే. వాటికి బొమ్మలు వేసింది బాపు. సినిమాల్లో కె.విశ్వనాథ్ దగ్గరా, ‘సీతాకోకచిలుక’(1981)కి భారతీరాజా దగ్గరా పని నేర్చుకున్నారు. 1982లో చిరంజీవి, సుహాసినిలతో ‘మంచుపల్లకి’ తీసి దర్శకుడయ్యారు. అది తమిళ సినిమాకి రీమేక్. సొంత గొంతు వినిపించింది మాత్రం 1984లో వచ్చిన ‘సితార’తోనే. తను రాసిన నవల ‘మహల్లో కోకిల’నే సినిమాగా మలిచారు. భానుప్రియకి అది తొలి తెలుగు సినిమా. ఉత్తమ తెలుగు చిత్రంగా, ఎస్.జానకి పాటకి, అనిల్ మల్నాడ్ ఎడిటింగ్‌కి... ఒక్క సినిమాకి మూడు జాతీయ అవార్డులొచ్చాయి.

ఆ తర్వాత వరస చూడండి. 1985లో ‘అన్వేషణ’, ‘ప్రేమించు పెళ్లాడు’. 1986లో ‘ఆలాపన’, ‘లేడీస్ టైలర్’. ఆ దశకం చివర్లో ‘మహర్షి’, ‘శ్రీకనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్’, ‘చెట్టుకింద ప్లీడరు’. 1991లో ‘ఏప్రిల్ 1 విడుదల’. కొంత విరామం తర్వాత 2002లో ‘ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’. అడవిలో హత్యల మిస్టరీ తీసిన చేత్తోనే బద్ధకస్తుడైన టైలరు కథా తీశారు. పాడుబడుతున్న జమీందారీ మహలూ, రికార్డింగ్ డాన్సుల స్టేజీ... రెండూ ఆయనవే. అందుకే జాబితాలు ఒక పట్టాన కలవవు!

మూడు తరాలు... మూడు జాబితాలు

పెద్దవాళ్ల జాబితా ‘సితార’తో మొదలవుతుంది. అన్నగారి పరువు కోసం మహల్లో బందీ అయిన పిల్ల, పగటివేషాల కుర్రాడు, ఇళయరాజా సంగీతం, వేటూరి సాహిత్యం. వాళ్లకి వంశీ అంటే ముందు పాటలే. తర్వాతే కథ. నీళ్లలో నీడనీ, తలుపు సందులోంచి పడే వెలుగునీ, పరుగెత్తే పట్టీల కాళ్లనీ ఇళయరాజా తాళానికి తగ్గట్టు ముక్కలు ముక్కలుగా కోసి అతికించే ఆ పద్ధతి అప్పటికి కొత్త. ఆ పాటల క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్న తరం అది.

ఎనభైల చివర్లో, తొంభైల్లో కాలేజీ చదువుకున్నవాళ్ల జాబితాలో నవ్వులెక్కువ. రాజేంద్రప్రసాద్, మల్లికార్జునరావు, తనికెళ్ల భరణి మాటలు. ‘బట్టల సత్తి’ అన్న పేరు చెబితే చాలు, సీను మొత్తం కళ్లకి కట్టేస్తుంది. నెలరోజులు అబద్ధమాడకుండా ఉండాల్సి వచ్చిన మనిషి పాట్లు చూడాలంటే ‘ఏప్రిల్ 1 విడుదల’. నిజం చెబితే ఇంత గొడవా అనిపిస్తుంది!

ఇక తర్వాతి తరానికి ‘ఔను వాళ్ళిద్దరూ...’ దగ్గరే వంశీ మొదలు. ఒకే గదిలో పగలొకరు, రాత్రొకరు ఉంటూ మొహాలు చూసుకోకుండానే ఇష్టపడే రవితేజ, కల్యాణి. ‘ఐతే ఓకే’ అంటూ కొండవలస. ఈ తరం పాత సినిమాల్ని థియేటర్లో చూడలేదు. టీవీలో ముక్కలుగా చూసింది, ఇప్పుడు ఫోన్లో చూస్తోంది. సినిమా మొత్తం చూడకుండా పాటలు మాత్రమే చూసి ‘వంశీ ఫ్యాన్స్’ అయినవాళ్లూ ఈ తరంలో బోలెడంతమంది.

అటకెక్కితేనే కురిడీ

కోనసీమ రైతుకి తెలిసిన లెక్క ఒకటుంది. కాయని దింపగానే అమ్మేస్తే ఒక ధర. అటకమీద పోసి నెలల తరబడి ఓపిక పడితే లోపల నీళ్లింకి, కొబ్బరి చిప్పని వదిలి కురిడీ అవుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడొస్తుంది. అందులో మేలురకం ఏరితే గండేరా, ఆ తర్వాతది గటగటా. ఓపిక పట్టిన ప్రతి కాయా కురిడీ కాదు. కొన్ని కుళ్లిపోతాయి కూడా.

వంశీ సినిమాలకీ ఈ లెక్కే సరిపోతుంది. ‘మహర్షి’ విడుదలైనప్పుడు ఆడలేదు. కానీ దాని పాటలు ఇంకా వింటూనే ఉన్నారు. ‘శ్రీకనకమహాలక్ష్మి’కి ఎక్కువమంది అభిమానులైంది టీవీ ముందు కూర్చునే. అంటే, మొదటివారం కలెక్షన్లు చూసి రాసిన తీర్పు చాలాసార్లు తప్పింది. అయితే దానికి రెండోవైపు కూడా ఉంది. ‘అప్పట్లో జనానికి అర్థం కాలేదు’ అన్న ఒక్క మాటతో ఆడని సినిమాలన్నింటినీ కళాఖండాలు చేసేయడం కూడా అభిమానుల అలవాటే. ఏది కురిడీయో, ఏది కుళ్లిన కాయో ఊపి చూస్తేనే తెలుస్తుంది. ఊపి చూడ్డమంటే మళ్లీ చూడ్డమే. తలుచుకోవడం కాదు.

ఎందుకంటే జ్ఞాపకం చాలా తెలివైంది. పాటల్ని భద్రంగా దాస్తుంది. మధ్యలో సాగదీసిన అరగంటని జారవిడుస్తుంది. నవ్విన సీన్లు గుర్తుంచుకుంటుంది. ఎవర్ని చూసి నవ్వామో మర్చిపోతుంది.

అమ్మాయి అడిగితే?

అసలు చిక్కు ఇక్కడే. ‘లేడీస్ టైలర్’ కథేంటి? తొడమీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని పెళ్లాడితే రాజయోగం పడుతుందని నమ్మిన టైలరు ఆ మచ్చ కోసం ఊళ్లో ఆడపిల్లల వెంట పడతాడు. 1986లో జనం పడీపడీ నవ్వారు. ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఇంటర్ చదివే కూతురు పక్కన కూర్చుని చూస్తూ ‘నాన్నా, ఆ అమ్మాయిల్ని అడక్కుండా అలా వెతకడం తప్పు కాదా?’ అంటే? రిమోట్ నొక్కేసి ‘నీకు తెలీదులే’ అనేస్తే సినిమా ఆగుతుంది గానీ ప్రశ్న ఆగదు.

జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. సినిమా ఆ సుందరాన్ని ఆదర్శంగా చూపించదు. సోమరినీ, అబద్ధాలకోరునీ చేసి, చివరికి తల వంచేలా చేస్తుంది. అతనికి ఎదురుగా నిలబడే టీచరు పాత్రలో అర్చన కళ్లలో హాస్యం లేదు. ఆ అర్చనే ఆ తర్వాత ‘వీడు’, ‘దాసి’ సినిమాలకి వరసగా రెండేళ్లు జాతీయ ఉత్తమ నటి అయింది. అయినా కెమెరా మాత్రం చాలాచోట్ల సుందరం కళ్లతోనే చూస్తుంది. ఈ రెండు మాటలూ నిజమే. ‘మహర్షి’లోనూ అంతే. వద్దన్న అమ్మాయి వెంటపడ్డ కుర్రాడి పిచ్చిని అందమైన పాటలతో చూపించారు. కానీ ఆ అమ్మాయి ‘కాదు’ని ‘ఔను’గా మార్చలేదు. ఆమె వేరే పెళ్లి చేసుకుంటుంది. అతనికే మతి పోతుంది.

అభిమానమంటే అన్నిటినీ వెనకేసుకురావడం కాదు. నచ్చినదాంట్లో నచ్చనిదేదో పిల్లల ముందు చెప్పగలిగితే ఆ సినిమా విలువేమీ తగ్గదు. పైగా పిల్లలు దాన్ని వాళ్ల జాబితాలోకి తీసుకోవడానికి దారి దొరుకుతుంది. దాచిపెట్టిన సినిమా ఆ తరంతోనే ఆగిపోతుంది.

ఏ గోదావరి?

కోనసీమవాళ్లకి ఇంకో తగాదా కూడా ఉంది. తెరమీద గోదావరి ఎవరిది?

వంశీకి ముందే ఆ నదిని ఎందరో చూపించారు. ఆదుర్తి ‘మూగమనసులు’(1964)లో పడవవాడి పాట. బాపు తొలి సినిమా ‘సాక్షి’(1967) తీసింది కోనసీమలోని పులిదిండిలోనే. అందులో ఊరు అందంగానే ఉంటుంది. కానీ హంతకుడికి భయపడి సాక్ష్యం చెప్పినవాడిని ఒంటరిగా వదిలేసేదీ ఆ ఊరే. వంశీ గోదావరి ఎక్కువగా వెన్నెల గోదావరి. ఇక్కడి రైతుకి తెలిసిన గోదావరులు ఇంకా ఉన్నాయి. ‘లేడీస్ టైలర్’ వచ్చిన 1986లోనే ఆగస్టులో మహా వరద లంకల్ని ముంచేసింది. 1996 నవంబరు తుపానుకి కొబ్బరితోటలు ఒక్కరాత్రిలో నేలకొరిగాయి. ఆ రాత్రి చూసినవాళ్లకి తెరమీద కొబ్బరాకుల సందుల్లో చంద్రుణ్ణి చూపిస్తే అందంతోపాటు ఆ చెట్టు మళ్లీ కాపుకొచ్చేదాకా పడ్డ పాట్లు కూడా గుర్తొస్తాయి.

అలాగని వంశీది వట్టి పోస్టుకార్డు కోనసీమ అనడం అన్యాయం. ఆయన హీరోలెవరో చూడండి. టైలరు, కేసుల్లేని ప్లీడరు, రికార్డింగ్ డాన్సు ట్రూపు మనుషులు, పగటివేషగాళ్లు. పొట్టకూటి కోసం చిన్న పని చేసుకునేవాళ్లని కథ మధ్యలో నిలబెట్టారు. వాళ్ల యాసనీ, వెటకారాన్నీ తెరమీద ఉంచారు. వాళ్ల కులాన్ని మాత్రం ఎక్కువగా నవ్వుల వెనక వదిలేశారు.

ఆ మాట పైకి అనడానికి మరో తరం వచ్చింది. దుష్యంత్ కటికినేని తీసిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. సుహాస్ చేసిన మల్లి పాత్ర సెలూన్లో క్షవరం చేస్తాడు, పెళ్లిళ్లకి బ్యాండు వాయిస్తాడు. వంశీ సినిమాలోనైతే చుట్టూ నవ్వులు పుట్టించే పనే. ఇక్కడ మాత్రం ఆ పని వల్లే అవమానం మొదలవుతుంది. శరణ్య ప్రదీప్ చేసిన టీచరక్క ఆ అవమానానికి తల వంచదు. 1986లో ఒక టీచరు, 2024లో ఒక టీచరు. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే ఈ నేల మీది సినిమా ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ఒకటి నచ్చితే రెండోది నచ్చకూడదన్న రూలేమీ లేదు.

జాబితా ఇలా రాయండి

ఈ ఆదివారం ఇంట్లో అందరూ తలో కాగితం తీసుకోండి. వంశీ సినిమాల్లో ఇష్టమైనవి అయిదు, గుర్తున్నంతవరకు రాసి మడిచిపెట్టండి. ఎవరిది ఎవరూ చూడకూడదు.

తర్వాత నాలుగు ఆదివారాలు నాలుగు సినిమాలు. మొదట ‘సితార’. పాటలొచ్చినప్పుడే కాకుండా పాటకీ పాటకీ మధ్యన కూడా టీవీ ముందే ఉండాలి. రెండోది ‘ఏప్రిల్ 1 విడుదల’. బామ్మ నుంచి మనవడి దాకా కలిసి నవ్వొచ్చు. మూడోది ‘ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’. పిల్లలకి తెలిసిన మొహాలున్నాయి కాబట్టి వాళ్లే పెద్దవాళ్లకి చెబుతారు. నాలుగోది ‘లేడీస్ టైలర్’. ఇది మాత్రం కాలేజీ ఈడు పిల్లలున్న ఇళ్లకి. చూశాక పావుగంట మాట్లాడుకోవడం తప్పనిసరి. రిమోట్ అమ్మాయి చేతిలో ఉంటే ఇంకా మంచిది.

అయిదో ఆదివారం ఇంకో కాగితం మీద మళ్లీ రాయండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి. కొన్ని పేర్లు కిందికి జారతాయి. అటకమీద మర్చిపోయిన పేరొకటి పైకొస్తుంది. కదలకుండా ఉన్నచోటే ఉన్న పేరుంటుంది చూశారూ... మీ ఇంటి గండేరా అదే. పొట్టిక్కల దగ్గర ఎవరు ఎంత వాదించినా ధర తగ్గించక్కర్లేదు.