హెడ్‌ఫోన్ సంగీతం.. శబ్దానికి జడిసే బిడ్డకు మందవుతుందా?

కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మూలకు చేరతాడు. ఊరేగింపులో బ్యాండు మోగితే గుక్కపెట్టి ఏడుస్తాడు. చొక్కా కాలరు మెడకు తగిలినా ఓర్చుకోడు. ఇటువంటి బిడ్డకు మొండివాడన్న ముద్ర వేయడం పల్లెల్లో పరిపాటి. శబ్దం, స్పర్శ, వెలుతురు మెదడుకు చేరినా అక్కడ వాటి సమన్వయం కుదరకపోవడమే దీనికి మూలమని అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ 1972 నాటి తన గ్రంథంలో వివరించారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ బాధ అధికం. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది. విడి వ్యాధిగా మాత్రం గుర్తించలేదు.

ఈ పిల్లల కోసం ప్రత్యేకంగా మలచిన సంగీతం ఉందని, కొన్నాళ్లు వినిపిస్తే కుదుటపడతారని కొన్ని ప్రైవేటు థెరపీ కేంద్రాలు ఆశ చూపుతున్నాయి. ఈ ఆలోచన ఫ్రాన్సులో పుట్టింది. అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఆల్ఫ్రెడ్ టొమాటిస్ మొజార్ట్ సంగీతాన్ని యంత్రంతో వడకట్టి వినిపించేవారు. అదే వైద్య విభాగానికి చెందిన గై బెరార్ మరో పద్ధతి రూపొందించారు. పాటలోని హెచ్చు, తగ్గు స్వరాలను యంత్రం ఎప్పటికప్పుడు మారుస్తుంటుంది. రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున పది రోజులు, అంటే మొత్తం పది గంటలు వినాలి.

యంత్రం మహిమేనా?

1996లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశీలన ఇక్కడ కీలకం. శబ్దాలకు తల్లడిల్లే 80 మంది ఆటిజం పిల్లలను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు బెరార్ పద్ధతిలో మార్చిన సంగీతం, రెండో జట్టుకు అదే సంగీతం ఏ మార్పూ లేకుండా వినిపించారు. రెండు జట్లూ ఒకే తీరుగా మెరుగుపడ్డాయి. కాబట్టి తమ బిడ్డకు మేలు జరిగిందనే తల్లిదండ్రుల మాటను కొట్టిపారేయనక్కర్లేదు. ఆ మేలు యంత్రం వల్లనే అనడానికే ఆధారం లేదు. రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టడం, పెద్దల శ్రద్ధ, నెలలు గడిచేకొద్దీ వచ్చే సహజమైన ఎదుగుదల, ఇవన్నీ ఆ ఫలితంలో కలిసే ఉండవచ్చు.

ఏడు ప్రయోగాలను, 182 మందిని లెక్కలోకి తీసుకున్న కాక్రేన్ సమీక్ష సైతం 2011లో ఈ చికిత్సను సమర్థించే ఆధారం లేదని తేల్చింది. థెరపిస్టు ఎదురుగా కూర్చుని బిడ్డతో కలిసి పాడే, వాయించే సంగీత చికిత్స దారి వేరు. 26 అధ్యయనాలను పరిశీలించిన 2022 కాక్రేన్ సమీక్షలో దానివల్ల మొత్తంమీద మెరుగుదలకు అవకాశం ఉన్నట్లు తేలింది. అయితే తొమ్మిది దేశాల్లో 364 మంది పిల్లలపై జరిపి, 2017లో ప్రకటించిన పరీక్షలో నలుగురితో కలిసే గుణంలో అదనపు ప్రయోజనం కనిపించలేదు. హెడ్‌ఫోన్ పెట్టి వదిలేసే కేంద్రాలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి చెప్పుకోవడం సరికాదు.

జిల్లాలోనే తొలి పరీక్ష

డబ్బు కంటే కాలం విలువైనది. మాట, నడవడిక నేర్పే శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలని వైద్యుల మాట. జాతీయ బాలల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పరీక్షలు జరుపుతున్నారు. లోపం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. శబ్దానికి జడిసే బిడ్డకు మొదట చేయవలసింది వినికిడి పరీక్ష. చెవి జబ్బు ఉందో లేదో తేలకుండా హెడ్‌ఫోన్ తగిలించడం తగదు. వివరమైన నిర్ధారణకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది.

ఆటిజం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు ఆధ్వర్యంలోని నిరామయ బీమా ఏడాదికి రూ.లక్ష వరకు వర్తిస్తుంది. ప్రైవేటు కేంద్రంలో చేర్చేవారు అక్కడి ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టుల భారత పునరావాస మండలి నమోదు సంఖ్యను ముందే అడిగి తెలుసుకోవచ్చు.