బొమ్మ ఒకచోట, పేరు ఒకచోట



పోయిన నెల మాకు వచ్చిన ఉత్తరములలో ఒక తండ్రి ఈలాగు వ్రాశారు: "మా అమ్మాయి తన తాతగారి జ్ఞాపకార్థ కూడికకు చిన్న పుస్తకము లాప్‌టాపులో తయారు చేయుచున్నది. పైన ఒక మాట దిద్దితే చాలు, క్రింద తాతగారి ఫోటో ఎటో వెళ్లిపోవుచున్నది. వెదకి తెచ్చి పెట్టేసరికి ఇంకొకటి పోవుచున్నది. కంప్యూటరు పాడైనదా? వైరస్ పట్టినదా?"

అయ్యా, కంప్యూటరు పాడవలేదు, వైరస్సూ కాదు. ఉత్తరము చదివినప్పుడు మొదట మాకు నవ్వు వచ్చిన మాట నిజమే. కాని మాకు జరిగినది జ్ఞాపకము వచ్చి ఆ నవ్వు నిలువలేదు.

2016 డిసెంబరులో మా సంఘము డెబ్బది అయిదవ వార్షికోత్సవమునకు 48 పేజీల సంచిక వేశాము. ఒక పేజీలో ప్రభునందు నిద్రించిన పెద్దలు నలుగురు, దాని తరువాతి పేజీలో ఇప్పుడు సేవలో ఉన్న పెద్దలు నలుగురు. ఎడమ ప్రక్క ఫోటో, కుడి ప్రక్క నాలుగు వరుసలలో పేరు, ఊరు, తేదీలు. చక్కగా కుదిరినది. ప్రెస్సుకు పంపవలసిన రాత్రి ఒక పెద్దాయన వచ్చి, విందుకు బియ్యము ఇచ్చిన కుటుంబమువారిని మరచిపోయారు, వారి పేరు చేర్చమన్నారు. అది న్యాయమే గనుక, ఫోటోల పేజీలకు ముందున్న నివేదికలో నాలుగు వరుసలు చేర్చాము. చేర్చినచోట అక్షరదోషములు చూచుకున్నామే గాని, ఆ తరువాతి పేజీలు త్రిప్పి చూడలేదు. మూడు వందల ప్రతులు అచ్చయినవి.

ఆదివారము పుస్తకములు పంచిన అరగంటకు ఒక పెద్దమ్మగారు తన ప్రతిని కొంగులో పెట్టుకొని వచ్చారు. ఆమెకు చదువు రాదు. బొమ్మను చూచి తన భర్తను గుర్తుపట్టారు. మనవడు ప్రక్కనున్న పేరు చదివితే వేరొకరి పేరు వచ్చినది. "ఈయన మా ఆయన కాదా, బాబూ?" అని ఆమె అడిగారు. మా నోట మాట రాలేదు. ఆమె భర్త పేరు ఎక్కడ ఉన్నదని చూస్తే, బ్రదికియున్న ఒక పెద్దగారి ఫోటో ప్రక్కన, నిద్రించిన తేదీతో సహా ఉన్నది. ఆ పెద్దగారు నవ్వి ఊరుకున్నారు గాని ఆయన భార్య నవ్వలేదు. ఆ రోజు ఆమె భోజనమునకు కూర్చొనకుండ ఇంటికి వెళ్లిపోయారు.

ఇది ప్రెస్సువారి తప్పు కాదు. మేము పంపినదే వారు అచ్చువేశారు. మైదా జిగురు కాచి, సరియైన పేర్ల చీటీలు రెండు రాత్రులు కూర్చొని అంటించాము. అప్పటికే ఊళ్లకు వెళ్లిపోయిన ప్రతుల సంగతి చెప్పనక్కరలేదు.

ఆ తరువాతనే ఈ పని ఎట్లు జరుగునో కూర్చొని నేర్చుకున్నాము. సీసపు అక్షరముల కాలములో ఈ తిప్పలు లేవు. ఫోటోను బ్లాకు చేయించి, దాని చుట్టు అక్షరములు పేర్చి, అంతటిని ఇనుప చట్రములో బిగించేవారు. మధ్యలో ఒక వరుస చేర్చవలెనంటే బిగింపు విప్పి చేతితో జరుపవలెను గనుక, ఏది కదిలినదో కంటికి కనబడేది. వర్డ్ వంటి ప్రోగ్రాములలో అట్లు కాదు. వ్రాతంతయు కాలువలోని నీటివలె ఒకటే ధారగా పోవును. పైన నాలుగు వరుసలు పోస్తే కడవరకు అన్నియు జరుగును, మన కన్ను మాత్రము పోసినచోటనే ఉండును.

వర్డ్‌లో బొమ్మ రెండు విధములుగా ఉండగలదు. ఫోటోమీద ఒకసారి క్లిక్ చేస్తే ప్రక్కన చిన్న గుర్తు వచ్చును. దానిని నొక్కితే మొట్టమొదట కనబడునది ఇన్ లైన్ విత్ టెక్స్ట్. ఇది పెట్టితే ఫోటో ఒక పెద్ద అక్షరముతో సమానము. ముందు మాట జరిగితే అదియు జరుగును, వెనుక మాట దాని వెంటనే వచ్చును. తన వరుసను విడిచి ఎక్కడికిని పోదు. సాధారణముగా ఫోటోను తెచ్చి పెట్టినప్పుడు వర్డ్ దానిని ఈ విధముగానే ఉంచును. మనమే దానిని ఇటు అటు లాగుటకు వీలుగా లేదని స్క్వేర్, టైట్, బిహైండ్ టెక్స్ట్ మొదలైనవాటిలోనికి మార్చుకొందుము. అప్పుడది అక్షరము కాదు, నీటిమీద పడవ.

పడవకు లంగరు ఉండును. వర్డ్‌లో నిజముగానే లంగరు బొమ్మ ఒకటి ఉన్నది, దాని పేరు యాంకర్. తేలుచున్న ప్రతి ఫోటో ఏదో ఒక పేరాకు కట్టబడియుండును. ఫోటోను క్లిక్ చేసినప్పుడు ఆ పేరా మొదట లంగరు కనబడును. కనబడకపోతే ఫైల్, ఆప్షన్స్, డిస్‌ప్లే అను చోటికి పోయి ఆబ్జెక్ట్ యాంకర్స్ అనుదానికి టిక్కు పెట్టవలెను. పేరా తరువాతి పేజీకి పోతే ఫోటో కూడ పోవును. ఇక్కడనే మేము పడిపోయాము. మేము ఫోటోలన్నిటికి ఫిక్స్ పొజిషన్ ఆన్ పేజ్ పెట్టి, ఇక కదలవని ధైర్యముగా ఉన్నాము. దాని అర్థము, పేజీలో ఉన్న ఎత్తు మారదని మాత్రమే. నాలుగు వరుసలు చేరగానే పేర్లన్నియు ఒక మెట్టు దిగినవి, ఫోటోలు ఉన్న ఎత్తులోనే ఉన్నవి. మొదటివారి పేరు రెండవవారి ప్రక్కకు వచ్చినది. నాలుగవవారి పేరు తరువాతి పేజీ పైకి ఎక్కినది. దానికి లంగరు వేసియున్న ఫోటో కూడ వెంటపోయి, ఆ పేజీలో తన పాత ఎత్తున, అనగా అడుగున నిలిచినది. అందుచేతనే పెద్దమ్మగారి భర్త బ్రదికియున్నవారి మధ్యకు వచ్చారు. ముందు పేజీలో ఆయన చోటు ఖాళీగా మిగిలినది. ఆ ఖాళీని చూచినవాడెవడైనను పట్టుకొనేవాడు!

లాక్ యాంకర్ అనుదానిని చూచి చాలామంది మోసపోవుదురు. దానికి టిక్కు పెట్టితే లంగరు ఆ పేరాను వదలదు, అంతే. వ్రాత జరిగితే పడవ జరుగుచునే ఉండును. టిక్కు లేకపోతే మనము ఫోటోను మౌసుతో లాగినప్పుడు లంగరు కూడ లేచి దగ్గరలోని వేరొక పేరాను పట్టుకొనవచ్చును. ఇంకొక సంగతి. లంగరున్న పేరాను మొత్తము చెరిపివేస్తే ఫోటో కూడ మాయమగును. "ఫోటోను ముట్టనే లేదు, ఎట్లు పోయినది?" అని మీ పిల్లలు అడిగితే, కంట్రోల్‌తో జడ్ నొక్కి వెనుకకు తెచ్చుకొమ్మని చెప్పండి.

మరి పేరు ప్రక్కన ఫోటో ఉండవలెనంటే ఏమి చేయవలెను? ఇప్పుడు మేము చేయునది పట్టిక. ఇన్సర్ట్‌లో టేబుల్ తీసుకొని రెండు నిలువు గళ్లు పెట్టి, ఎడమ గడిలో ఫోటోను ఇన్ లైన్ విత్ టెక్స్ట్‌గా ఉంచి, కుడి గడిలో పేరు, తేదీలు కొట్టెదము. గీతలు కనబడకుండ బోర్డర్లు తీసివేసిన తరువాత అది పట్టిక అని ఎవరికిని తెలియదు. టేబుల్ ప్రాపర్టీస్‌లో రెండు టిక్కులు తీయవలెను. ఒకటి, వరుసను పేజీల మధ్య విరుచుటకు అనుమతించునది. రెండవది, ఆప్షన్స్‌లో ఉన్నది, ఫోటో కొలతనుబట్టి గడిని సాగదీయునది. ఇక పైన నలువది వరుసలు చేర్చినను ఫోటో, పేరు ఒకే వరుసలో కలిసి ప్రయాణము చేయును. పేరు ఫోటో క్రింద ఉండవలెనంటే పట్టిక అక్కరలేదు. ఫోటో ఉన్న పేరాకు కీప్ విత్ నెక్స్ట్ పెట్టితే, ఫోటో ఈ పేజీలో మిగిలి పేరు అవతలి పేజీకి పోకుండును.

క్రొత్త పేజీ మొదలుపెట్టుటకు ఎంటర్ కీని పదిసార్లు నొక్కు అలవాటు మాకును ఉండేది. అదియు మానుకున్నాము. కంట్రోల్ పట్టుకొని ఒక్కసారి ఎంటర్ నొక్కితే అక్కడ పేజీ తెగును. మా ఫోటోల పేజీకి ముందు ఆ ఒక్క తెగింపు ఉండియుంటే, ఆ రాత్రి చేర్చిన వరుసలు నివేదికలోనే ఆగిపోయేవి. పెద్దల పేజీ చెక్కుచెదరకుండ ఉండేది.

ఇన్ లైన్ పెట్టిన తరువాత ఫోటోలో సన్నని పట్టీ మాత్రమే కనబడుచున్నదని కొందరు అడుగుదురు. ఫోటో చెడిపోలేదు. ఆ పేరాకు వరుసల ఎడము ఎగ్జాక్ట్లీ అని ఉండును. దానిని సింగిల్‌కు మార్చితే ముఖము పూర్తిగా వచ్చును.

లిబ్రెఆఫీస్ వాడువారికి ఒక సదుపాయము అదనముగా ఉన్నది. డబ్బు ఇయ్యనక్కరలేని ఈ ప్రోగ్రాము 2011 నుండి దొరుకుచున్నది. దానిలో లంగరును పేరాకే గాక నేరుగా పేజీకి కూడ వేయవచ్చును. వ్రాత ఎటు పోయినను ఫోటో ఆ పేజీలోనే ఉండును. పైన పెట్టు సంఘపు గుర్తుకు అది మంచిదే. మనుష్యుల ఫోటోలకు మాత్రము పనికిరాదు, ఎందుకనగా పేరు కదిలి ఫోటో నిలిచిపోవుటయే గదా మాకు జరిగినది.

ఇవన్నియు చేసినను, ఇంటిలో సరిగా ఉన్న పుస్తకము ప్రెస్సులో తెరువగానే మారిపోవచ్చును. మీరు గౌతమి అక్షరములతో కొట్టియుండవచ్చును, వారి యంత్రములో అవి లేకపోతే వేరొకటి వచ్చి కూర్చుండును. తెలుగు అక్షరముల ఎత్తులో తేడాలు ఎక్కువ గనుక వరుసలు, వాటితో పేజీలు జరుగును. ఫోనులో తెరచి దిద్దినప్పుడు కూడ ఇట్లే జరుగవచ్చును. అందుచేత దిద్దుట ముగిసిన తరువాత పిడిఎఫ్‌గా మార్చి పంపవలెను. 2010 వర్డ్ మొదలుకొని సేవ్ యాజ్‌లోనే ఈ వీలున్నది. పిడిఎఫ్‌లో అక్షరములు, బొమ్మలు చట్రములో బిగించినట్లుండును. మార్చిన తరువాత మొదటి పేజీనుండి కడవరకు ఫోటోల పేర్లు పైకి చదువుచు చూచుకొనుడి. ఒకరు చదువుచుండగా, ఆ మనుష్యులను ఎరిగిన పెద్దవారొకరు బొమ్మలు చూచుట మేలు. మేము ఇప్పుడు ప్రతి సంచికకు ఆ పెద్దమ్మగారినే పిలుచుచున్నాము. ఆమె అద్దాలు పెట్టుకొని, మేము పేరు చదువగానే బొమ్మమీద వేలు పెట్టి "ఆఁ, సరే" అనేవరకు పేజీ త్రిప్పము.

ఉత్తరము వ్రాసిన తండ్రిగారికి ఒక మాట. మీ అమ్మాయిని ముందుగా ఆ ఫైలుకు ఒక నకలు తీసికొని, నకలులోనే ఫోటోలను ఒక్కొక్కటిగా మార్చమనండి. తాతగారి ఫోటో ఇంకను కదిలినయెడల, ఏ సంవత్సరపు వర్డ్ వాడుచున్నదో కూడ వ్రాయమనండి.